గంటలోపు ఏమేమి అందుతాయి?
(రవాణా అందుబాటును ప్రయాణ కాలంతో కొలిచే పద్ధతి – మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉదాహరణలతో)

మన పల్లెల్లో ఎవరినైనా "ఫలానా ఊరు ఎంత దూరమప్పా?" అని అడిగితే కిలోమీటర్లలో జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. "దగ్గరే, అర్ధగంట పడతాది" అంటారు. లేదంటే "ఇప్పుడు బయల్దేరితే పొద్దుగూకేలోపల చేరుకుంటావు" అంటారు. కాబట్టి దూరాన్ని కాలంతో కొలవడం మన జనానికి కొత్త సంగతేమీ కాదు. భూగోళ శాస్త్రజ్ఞులూ, రవాణా ప్రణాళికలు వేసేవారూ ఈ వాడుకనే ఒక శాస్త్రీయమైన కొలతగా మలిచారు. ఆ కొలత ఎటువంటిది, దానిని లెక్కించడం ఎలా, మన చిత్తూరు సీమలోని మూడు పట్టణాలకు అన్వయిస్తే ఏం తెలుస్తుంది, ఆ లెక్కలో మనం మోసపోయే తావులేవి అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రవాణా వేరు, అందుబాటు వేరు

ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి. రోడ్లు, బస్సులు, రైళ్ళు ఇవన్నీ రవాణా సాధనాలు. వీటివల్ల మనిషికి ఏమేమి దక్కుతాయన్నది అందుబాటు. రోడ్డు ఎంత బాగున్నా దాని చివర బడిగానీ, ఆసుపత్రిగానీ, సంతగానీ లేకపోతే ఆ రోడ్డువల్ల కలిగే అందుబాటు స్వల్పమే. అలాగే ఆసుపత్రి పది కిలోమీటర్లలోనే ఉన్నా, అక్కడికి చేర్చే బస్సు లేకపోతే అది పేదవానికి అందుబాటులో ఉన్నట్టు కాదు.

"ఈ జిల్లాలో ఇన్ని వందల కిలోమీటర్ల తారు రోడ్డు వేశాము" అని చెప్పడం రవాణా లెక్క. "ఈ పల్లెవాసి ఇంటి నుంచి బయల్దేరితే గంటలోపు ఎన్ని కళాశాలలకు, ఎన్ని ఆసుపత్రులకు, ఎన్ని మార్కెట్లకు చేరగలడు?" అని అడగడం అందుబాటు లెక్క. మొదటి లెక్కలో రోడ్డు ముఖ్యం, రెండవ లెక్కలో మనిషి ముఖ్యం. ఆ "గంటలోపు" అన్న మాటనే కాలపు హద్దు అంటున్నాం. అది గంటే కానక్కరలేదు. పని స్వభావాన్ని బట్టి పదిహేను నిమిషాలు కావచ్చు, రెండు గంటలు కావచ్చు.

పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు

ఈ ఆలోచనకు వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1881లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక ప్రపంచ పటాన్ని తయారుచేశాడు. లండను నుంచి బయల్దేరిన ప్రయాణికుడు పది రోజుల్లో ఎక్కడికి చేరగలడు, ఇరవై రోజుల్లో ఎక్కడికి, ముప్పై, నలభై రోజుల్లో ఎక్కడికి అన్నది వేర్వేరు రంగులతో చూపించాడు. ఒకే కాలంలో చేరగల చోట్లను కలిపి గీసే గీతను సమకాల రేఖ అంటారు.

1959లో అమెరికాలో వాల్టర్ హాన్సెన్ ఈ విషయానికి గణిత రూపం ఇచ్చాడు. ఒక చోటి చుట్టూ ఉన్న అవకాశాలన్నింటినీ లెక్కలోకి తీసుకుని, దూరమైన కొద్దీ వాటి విలువ తగ్గుతూ పోతుందని సూత్రీకరించాడు. ఇది నిర్దుష్టమైన పద్ధతే కాని, సామాన్యులకు సులభంగా అర్థం కాదు. 1973లో మార్టిన్ వాక్స్, గోర్డన్ కుమగాయ్ అనే ఇద్దరు పరిశోధకులు లాస్ ఏంజిలస్ ప్రాంతాన్ని తీసుకుని సులువైన దారి చూపారు. నిర్ణీత కాలంలో చేరగల ఉద్యోగాలెన్ని, వైద్య సౌకర్యాలెన్ని అని ఊరకే లెక్కపెట్టడమే వారి పద్ధతి. హద్దుకు లోపల ఉన్నదానికి ఒకటి, వెలుపల ఉన్నదానికి సున్న. అన్నీ కూడితే వచ్చే సంఖ్యే ఆ చోటి అందుబాటు. ఈ లెక్కను పంచాయతీ సభ్యుడికైనా, జిల్లా కలెక్టరుకైనా ఒక్క నిమిషంలో విడమరచి చెప్పవచ్చు. నేటికీ ఇది వాడుకలో నిలవడానికి కారణం అదే.

లెక్క కట్టే విధానం

ఒక ఉదాహరణతో ఈ విషయం తేటపడుతుంది. పుంగనూరు చుట్టుపక్కల ఒక పల్లె ఉందనుకుందాం. రోడ్డు మీది బస్సు స్టాపు పల్లెకు ఒకటిన్నర కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి పట్టణం 12 కిలోమీటర్లు. బస్సు గంటకొకటి వస్తుంది. ఒక తల్లి జబ్బుపడిన బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆమె ప్రయాణాన్ని ముక్కలు ముక్కలుగా లెక్కిద్దాం.

పల్లె నుంచి స్టాపుకు నడక: 20 నిమిషాలు
బస్సు కోసం కాచుకోవడం: సగటున 30 నిమిషాలు
బస్సులో ప్రయాణం, గంటకు 30 కిలోమీటర్ల చొప్పున: 24 నిమిషాలు
బస్టాండు నుంచి ఆసుపత్రికి నడక: 10 నిమిషాలు
మొత్తం: 84 నిమిషాలు

బస్సు గంటకొకటి వచ్చేటప్పుడు, వేళ తెలియకుండా వెళ్ళిన మనిషి సగటున అందులో సగం కాలం, అంటే అర్ధగంట నిలబడవలసి వస్తుందన్నది ఇక్కడ వాడిన సూత్రం.

అదే పల్లెలో మోటారు సైకిలు ఉన్న కుటుంబం మొత్తం పదమూడున్నర కిలోమీటర్లూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతోనే వెళ్ళినా 27 నిమిషాల్లో చేరుతుంది. పల్లె ఒకటే, రోడ్డు ఒకటే, ఆసుపత్రి ఒకటే, వేగమూ ఒకటే. హద్దు 60 నిమిషాలని పెట్టుకుంటే ఒక కుటుంబం లోపల ఉంది, మరొక కుటుంబం వెలుపల ఉంది. రోడ్డు పొడవును మాత్రమే చూసేవారికి ఈ తేడా ఎప్పటికీ కనిపించదు.

ఈ లెక్క నుంచి ఇంకొక పాఠం కూడా నేర్చుకోవచ్చు. 84 నిమిషాల్లో బస్సు కదిలే కాలం 24 నిమిషాలే. రోడ్డు వెడల్పు చేసి బస్సు వేగాన్ని రెట్టింపు చేసినా మిగిలేది 12 నిమిషాలు. అలా కాకుండా బస్సుల సంఖ్యను రెట్టింపు చేసి అర్ధగంటకొకటి నడిపితే 15 నిమిషాలు మిగులుతాయి. బస్సు పల్లెలోకే వస్తే నడకలో ఇంకొక 20 నిమిషాలు తగ్గుతాయి. ఈ రెండూ జరిగితే మొత్తం 49 నిమిషాలే అవుతుంది. అంటే వేగం పెంచకుండానే ఆ తల్లి గంట హద్దు లోపలికి వచ్చేస్తుంది. ఎక్కడ డబ్బు పెట్టాలన్న ప్రశ్నకు ఇటువంటి లెక్క సూటిగా జవాబు చెబుతుంది.

మూడు పట్టణాలు, ఒకే దారి

ఇప్పుడు పల్లె నుంచి పట్టణాలకు వద్దాం. ఉరవకొండ నుంచి అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. మన మూడు పట్టణాలూ ఈ ఒక్క దారి మీదే ఉన్నాయి. సుమారు దూరాలను చూస్తే మదనపల్లె నుంచి పుంగనూరుకు 30 కిలోమీటర్లు, పుంగనూరు నుంచి పలమనేరుకు 25, పలమనేరు నుంచి వి.కోట మీదుగా కుప్పానికి 60. ఊరూరా ఆగే బస్సు సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లనుకుంటే ఈ ప్రయాణాలకు వరుసగా 60, 50, 120 నిమిషాలు పడుతుంది.

ఈ దారి వరకే చూస్తే, గంటలోపు రెండు పట్టణాలకు చేరగల అవకాశం పుంగనూరుకే ఉంది. ఆ ఊరికి రైలు లేదు. అయినా నడిమధ్యన ఉండడంవల్ల అటు మదనపల్లె, ఇటు పలమనేరు రెండూ అందుతాయి. కుప్పానికి గంటలోపు పలమనేరు కూడా అందదు. హద్దును రెండు గంటలకు పెంచి చూస్తే కథ మారిపోతుంది. కుప్పం బెంగళూరు – జోలార్‌పేట రైలు మార్గం మీద ఉంది. 1864లో తెరిచిన మార్గమది. సుమారు రెండు గంటల్లో రైలు బెంగళూరు చేరుస్తుంది గనుకనే కుప్పం ప్రాంతం నుంచి ఎందరో కూలీలు, ఉద్యోగులు రోజూ అక్కడికి పోయి పని చేసుకుని రాత్రికి ఇంటికి వస్తున్నారు. గంట హద్దులో చివరన నిలిచిన కుప్పం, రెండు గంటల హద్దులో ఒక మహానగరాన్నే తన లెక్కలో వేసుకుంది.

మదనపల్లె సంగతి వేరు. బయటి ఊళ్ళకు పోకుండానే ఆ ఊరిలోనే చాలా అవకాశాలున్నాయి. 1915లో అనిబిసెంటు నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల ఉంది. పక్కనే క్షయ చికిత్సకు పేరుగన్న ఆరోగ్యవరం ఉంది. దేశమంతటా పేరున్న టమోటా మార్కెట్టు ఉంది. కాబట్టి అవకాశాలను లెక్కపెట్టేటప్పుడు సొంత ఊరిలో ఉన్నవాటిని మరువరాదు. రైలు విషయానికి వస్తే, మదనపల్లె రోడ్ స్టేషను పట్టణానికి దూరంగా సి.టి.ఎం. దగ్గర ఉంది. పటం మీద మదనపల్లెకు రైలు ఉన్నట్టే, కాని స్టేషను చేరే కాలాన్ని కూడా కలపకపోతే లెక్క తప్పుతుంది.

హద్దు ఎక్కడ గీయాలి?

ఈ పద్ధతిలోని పెద్ద చిక్కు ఇదే. మదనపల్లె – పుంగనూరు బస్సు ప్రయాణం మన లెక్కలో సరిగ్గా 60 నిమిషాలు వచ్చింది. అంటే గీత మీదే నిలబడింది. బస్టాండులో పది నిమిషాలు కాచుకుంటే అది హద్దు దాటిపోతుంది. ఎక్స్‌ప్రెస్ బస్సు దొరికి సగటు వేగం 35 కిలోమీటర్లయితే 51 నిమిషాల్లో ముగిసి లోపలికి వస్తుంది. 59 నిమిషాలవాడు అన్నీ ఉన్నవాడు, 61 నిమిషాలవాడు ఏమీ లేనివాడు అన్నట్టు చెప్పడం న్యాయం కాదు కదా! అందుకని ఒకే హద్దుతో తీర్పు చెప్పకుండా 30, 60, 90, 120 నిమిషాలకు వేర్వేరుగా లెక్కకట్టి పక్కపక్కన చూపించడం మంచి పద్ధతి. హద్దు మారినప్పుడల్లా పట్టణాల వరుస మారుతున్నదంటే, ఒక్క సంఖ్యను నమ్ముకుని నిర్ణయం చేయరాదని అర్థం.

రెండవ విషయం, హద్దును పనిని బట్టి నిర్ణయించాలి. 2015లో ప్రపంచ శస్త్రచికిత్సా స్థితిగతులపై లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘం, అత్యవసర శస్త్రచికిత్స దొరికే ఆసుపత్రికి రెండు గంటల్లో చేరగలగాలని ప్రమాణం పెట్టింది. అయితే అంబులెన్సు విషయంలో రెండు ప్రయాణాలుంటాయి. 108 సర్వీసు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయింది. బండి పట్టణంలో ఉండి, రోగి 20 కిలోమీటర్ల అవతల ఉంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో రావడానికి అర్ధగంట, పోవడానికి అర్ధగంట. రోగి ఇంటి నుంచి ఆసుపత్రికి అర్ధగంటే కదా అని రాసుకుంటే సగం కాలాన్ని దాచిపెట్టినట్టే. కాన్పు సమయంలో తల్లుల మరణాలకు దారితీసే జాప్యాలను 1994లో తాడియస్, మెయిన్ అనే పరిశోధకులు మూడుగా విడదీశారు. ఆసుపత్రికి పోవాలని నిశ్చయించుకోవడంలో జాప్యం, చేరడంలో జాప్యం, చేరిన తర్వాత వైద్యం అందడంలో జాప్యం. మన కొలత ఇందులో రెండవదానిని మాత్రమే పట్టుకోగలదు. అయినా అదేమీ చిన్న విషయం కాదు.

కొన్ని పనులకు ఎంతసేపు పట్టిందన్నదానికన్నా ఎన్ని గంటలకు చేరామన్నది ముఖ్యం. టమోటా రైతు వేలంపాట మొదలయ్యేలోపల మదనపల్లె మార్కెట్టుకు సరుకు చేర్చాలి. ఆ వేళ దాటితే ప్రయాణం ఎంత తొందరగా సాగినా ప్రయోజనం లేదు. విద్యార్థి సంగతీ అంతే. పొద్దున ఏడున్నర బస్సు తప్పితే కళాశాలకు సమయానికి పోలేడు. నాలుగు గంటలకు తరగతులు ముగిసినా ఆరున్నర దాకా తిరుగు బస్సు లేకపోతే, ఆరున్నర గంటల చదువుకు పదకొండు గంటలకు పైగా ఇల్లు విడిచి ఉండాలి. వచ్చే ప్రయాణం 50 నిమిషాలేనని రాసిన పట్టికలో ఈ భారం కనిపించదు. ఆడపిల్లల చదువు మధ్యలో ఆగిపోవడానికి ఇటువంటి చీకటి పడిన తిరుగు ప్రయాణాలు కూడా ఒక కారణమని మన తరగతి గదుల్లో కూర్చున్న వారికి వేరే చెప్పనక్కరలేదు.

చేరగలిగినా అందనివి

కుప్పానికి ఒక పక్క కర్ణాటక, ఇంకొక పక్క తమిళనాడు. కోలారు బంగారు గనుల పట్టణం, కృష్ణగిరి రెండూ చిత్తూరు కంటే దగ్గర. కాలంతో మాత్రమే లెక్కకడితే అక్కడి కార్యాలయాలు, ప్రభుత్వ కళాశాలలు, ఆసుపత్రులు అన్నీ కుప్పం ఖాతాలో పడతాయి. కాని మన రేషన్ కార్డు పని, భూమి పట్టా పని అక్కడ జరగదు. అక్కడి కళాశాలల్లో స్థానిక కోటా మన పిల్లలకు వర్తించదు. సంతలో సరుకు కొనడానికి, అమ్మడానికి మాత్రం రాష్ట్ర సరిహద్దు పెద్దగా అడ్డురాదు. కాబట్టి చేరగలమా అన్న ప్రశ్నతోబాటు చేరినా మనకు చెల్లుతుందా అన్న ప్రశ్న కూడా వేసుకుని, ఒక్కొక్క పనికి వేరే పట్టిక తయారుచేయాలి.

ఖర్చు మరొక అడ్డు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం ప్రారంభమయింది. దీనివల్ల చార్జీ అన్న హద్దు తొలగింది. బస్సే రాని పల్లెకు కాలం అన్న హద్దు అలాగే ఉంటుంది.

రాత్రి ప్రయాణం ఇంకొకటి. పలమనేరు, కుప్పం ప్రాంతంలో కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగుల సంచారం ఉంది. పగలు నలభై నిమిషాల దారి రాత్రిపూట అసలు దారే కాకపోవచ్చు.

పాలనలో ఈ కొలత

అందుబాటు అన్న భావం మన పాలనలో చాలాసార్లు కనిపించింది. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలను తీసివేసి చిన్న చిన్న మండలాలను ఏర్పరచడానికి పల్లెవాసికి కార్యాలయాన్ని దగ్గర చేయడం ఒక ముఖ్య కారణం. నిర్బంధ విద్యా హక్కు చట్టం కింది నియమాలు ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరులోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలోపల ఉండాలన్నాయి. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతంలో 500 జనాభా దాటిన పల్లెలకు అన్ని కాలాల్లో పనికివచ్చే రోడ్డు వేయాలని తలపెట్టింది. ఇవన్నీ దూరానికో, రోడ్డుకో పెట్టిన ప్రమాణాలు. రోడ్డు పడిన తర్వాత దాని మీద బస్సు ఎన్నిసార్లు తిరుగుతుందన్నది వీటి పరిధిలోకి రాదు.

కుప్పం నుంచి చిత్తూరుకు పలమనేరు మీదుగా సుమారు 105 కిలోమీటర్లు. మన బస్సు లెక్కన మూడున్నర గంటలు, రానూపోనూ ఏడు గంటలు. ఒక్క సంతకం కోసం కూలివాడు ఒక రోజు కూలి పోగొట్టుకోవాలన్నమాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన సమయంలో కుప్పం కేంద్రంగా ప్రత్యేక రెవిన్యూ డివిజను ఏర్పాటయింది. డివిజను స్థాయిలో తేలిపోయే పనులకు దూర ప్రయాణం తప్పిపోయింది. ఒక్క అంగుళం రోడ్డు వేయకుండానే అందుబాటు పెరిగిందన్నమాట. అవకాశాన్ని మనిషి దగ్గరకు తేవడం కూడా రవాణా సమస్యకు పరిష్కారమేనని ఇది రుజువు చేస్తోంది.

ఎవరి కాలంతో కొలవాలి?

2018లో కొందరు శాస్త్రజ్ఞులు భూమండలమంతటా ప్రతి చోటి నుంచీ సమీప నగరానికి ఎంతసేపు పడుతుందో చూపే పటాన్ని ప్రచురించారు. రోడ్డు ఉన్నచోట వాహనం సిద్ధంగా ఉన్నట్టే ఆ లెక్క సాగింది. 2020లో ఆసుపత్రుల విషయమై వేసిన పటాలలో మాత్రం వాహనం ఉన్నవారికి ఒక లెక్క, నడిచిపోయేవారికి ఒక లెక్క విడివిడిగా చూపించారు. ఇదే సరైన మార్గమని నా అభిప్రాయం. కారులో పోయే అధికారి కాలంతో కొలిస్తే మన మూడు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెలన్నీ అందుబాటులో ఉన్నట్టే తేలుతుంది. బిడ్డను ఎత్తుకుని స్టాపు దాకా నడిచే తల్లి కాలంతో కొలిచినప్పుడే నిజమైన పటం బయటపడుతుంది. ఒక ఊరి అందుబాటు ఎంత అని అడిగినప్పుడు, ఆ ఊరిలో అందరికన్నా ఆలస్యంగా చేరేవాని కాలమే మనకు కొలబద్ద కావాలి.

విద్యార్థి మిత్రులు చేయదగిన పని

ఈ పరిశీలనకు పెద్ద యంత్రాలేవీ అవసరం లేదు. ఒక నోటు పుస్తకం, చేతి గడియారం చాలు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి నుంచి ఐదు చోట్లకు – ఉన్నత పాఠశాల, కళాశాల, కాన్పులు చేసే ఆసుపత్రి, మార్కెట్టు, మండల కార్యాలయం – ఇంటి గడప నుంచి ఆ చోటి గడప దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నడక, నిరీక్షణ, ప్రయాణం వేర్వేరు గళ్ళలో వేయండి. తిరుగు ప్రయాణాన్ని కూడా రాయండి. ఒకసారి బస్సులో, ఒకసారి మోటారు సైకిలు మీద పోయి చూడండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి లెక్క తీస్తే మరీ మంచిది. తరగతిలోని నలభైమంది ఇలా నలభై పల్లెల లెక్క తెస్తే, వాటిని పటం మీద వేసి 30, 60, 90 నిమిషాల సమకాల రేఖలు గీయవచ్చు. ఏ పల్లెలు గీత అవతల మిగిలిపోయాయో, నడకవల్లనా నిరీక్షణవల్లనా అన్నది కంటికి కట్టినట్టు కనబడుతుంది.

అటువంటి పటాన్ని చేతబట్టుకుని ఆర్టీసీ డిపో మేనేజరు దగ్గరకు పోయి "అయ్యా, ఈ ఏడు పల్లెలకు సాయంత్రం ఒక్క ట్రిప్పు వేస్తే చాలు, ఇంతమంది పిల్లలు పొద్దుగూకకముందే ఇల్లు చేరుకుంటారు" అని అడిగితే, ఆ మాటకు ఉండే బరువు వేరు. మన చదువు మన పల్లెకు అందుబాటులోకి రావడానికి ఇదొక చిన్న దారి.